చుట్టాలున్న కారు

పైకప్పు వెనక్కి మడిచే రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు మీద హైదరాబాదులో ఉండేవాళ్లు మనసు పడటానికి సరైన కారణం ఒక్కటీ కనిపించదు. మేలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. జూన్ వచ్చిందంటే వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. మిగతా రోజుల్లో మెట్రో స్తంభాల కింద దుమ్మూ, బస్సుల పొగా. అయినా ఈ కోరిక ఉన్నవాళ్లు ఉన్నారు, తార్నాక చుట్టుపక్కల కాస్త ఎక్కువగానే ఉన్నారు. ఒకవైపు ఉస్మానియా, మరోవైపు పరిశోధన సంస్థలు ఐఐసీటీ, ఎన్‌ఐఎన్, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. పై చదువుకని ఇంగ్లండో జర్మనీయో వెళ్లి, అక్కడి రోడ్ల మీద ఇలాంటి బళ్లు చూసి, ఉద్యోగమంతా అంబాసిడర్‌లోనో మారుతిలోనో లాగించి, రిటైరయ్యాక ఆ ముచ్చట తీర్చుకుందామనుకునే వాళ్లకు ఈ పేటలో కొదవ లేదు. నడపడానికి చోటు కూడా ఉంది. చౌరస్తాలో ఉస్మానియా వైపు తిరిగి భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ దాటితే చెట్ల నీడ, రాతిగుట్టలు, కొంత దూరం పోతే ఆర్ట్స్ కాలేజీ ముందు వెడల్పాటి రోడ్డు. 1939లో ప్రారంభమైన ఆ భవనం ముందు సినిమావాళ్లు ఊరికే కార్లు ఆపి షూటింగులు చేయరు.

చిక్కంతా ఎంపిక దగ్గర వస్తుంది. కొనేవాళ్లు అందం చూస్తారు, అమ్మేవాళ్లు 'ఫలానా రాజావారి బండి' అని కథ చెబుతారు. సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు ముందు చుట్టాలెవరని ఆరా తీస్తారు చూడండి, పాత కారు విషయంలో ఆ పద్ధతే నయం. ఆ కారు ఇంజనుకీ, గేర్‌బాక్సుకీ ఈ దేశంలో పుట్టి పెరిగిన చుట్టాలు ఉన్నారా? ఉంటే బండిని నడుపుకుంటారు. లేకపోతే కవరు కప్పి ఉంచుకుంటారు.

మన దగ్గర ఇలాంటి కార్లు ఎందుకు ఇంత తక్కువో ముందు తెలియాలి. 1926లో ఫోర్డ్, 1928లో జనరల్ మోటార్స్ ఈ దేశానికి వచ్చి, ఓడల్లో వచ్చిన భాగాలు బిగించి కార్లు అమ్మేవి. ఇక్కడే తయారుచేసే పథకం లేనివాళ్లు దుకాణం కట్టేయాల్సిందేనని 1950ల మొదట్లో కేంద్రం తేల్చేసరికి రెండూ వెళ్లిపోయాయి. తర్వాత కార్ల వ్యాపారమంతా కలకత్తా దగ్గర హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్ కంపెనీల చేతిలో ఉండిపోయింది. వీటిలో ఏదీ ఆ రోజుల్లో స్పోర్ట్స్ కారు జోలికి పోలేదు. దేశంలోకి వచ్చిన ఎంజీలు, ట్రయంఫ్‌లు, జాగ్వార్లు వేరే దారుల్లో వచ్చాయి. కొన్ని సంస్థానాధీశుల సరదాగా, కొన్ని తెల్లదొరల, టీ తోటల మేనేజర్ల బళ్లుగా, కొన్ని విదేశాల నుంచి కాపురం ఎత్తి తిరిగొచ్చేవాళ్ల సామానుతో. రాయబార కార్యాలయాలు వదిలించుకున్నవి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ టెండర్లలో చేతులు మారాయి.

మన ఊరికి పాత కార్ల సంప్రదాయం ఉందని చెప్పేవాళ్లు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను చూపిస్తారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది, సింహాసనం లాంటి సీటుతో చేయించినది. నా ఉద్దేశంలో అది ఊరేగింపు సంప్రదాయం. అందులో యజమాని కూర్చుంటాడు, నడిపేది మరొకరు. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించి ఊరూరా తిరిగిందీ, నాయకులు టాప్ లేని జీపులో నిలబడి చేతులూపేదీ ఆ కోవలోవే. సొంతంగా స్టీరింగు పట్టి గాలి మొహానికి కొట్టేలా పోయే సరదాకు ఇక్కడ పెద్ద చరిత్ర లేదు. కాబట్టి ఆ బళ్లను బాగుచేసే విద్య కూడా వేరే బళ్ల దగ్గర నేర్చిన చేతులకే ఉంది.

ఆ చేతులు అంబాసిడర్ దగ్గర నేర్చినవి, అది మన అదృష్టం. అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను ఇంగ్లండులోని బీఎంసీ కంపెనీ బి-సిరీస్ కుటుంబానిది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో మొదట పెట్టిందీ ఆ 1489 సీసీ ఇంజనునే, కాకపోతే రెండు కార్బొరేటర్లతో, ఎక్కువ కంప్రెషన్‌తో. 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన ఎంజీబీలో ఉన్నది 1798 సీసీకి పెంచిన అదే వంశం. ట్యాపెట్లు సరిచేయడం, టైమింగ్ చెయిన్ మార్చడం, హెడ్ దించి వాల్వులు గ్రైండింగ్ చేయడం అంబాసిడర్ మీద ముప్పై ఏళ్లు పనిచేసిన ఉస్తాదుకు కొత్త కాదు. స్పేర్లన్నీ ఉన్నవున్నట్టు సరిపోవు, పొరపాటున కూడా ఆ మాట నమ్మకండి. కానీ విప్పినవాడికి మళ్లీ బిగించడం వస్తుంది, ఏది లేత్‌లో చేయించవచ్చో, ఏది లండన్ నుంచి తెప్పించాలో చెప్పగలడు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, ఉస్తాదులకూ వయసు మీద పడుతోంది. కారు బేరం కుదరకముందే మెకానిక్ దొరికాడా లేదా అన్నది తేల్చుకోవాలి.

రెండో చుట్టరికం స్టాండర్డ్ హెరాల్డ్‌ది. 1961 నుంచి మద్రాసులో తయారైన ఈ కారుకు విడి ఛాసిస్ ఉంటుంది, రూపం గీసింది ఇటలీకి చెందిన మికెలోటి. ఇంగ్లండులో ఆ ఛాసిస్‌నే పొట్టిచేసి, హెరాల్డ్ ఇంజనునే 1147 సీసీతో పెట్టి, మళ్లీ మికెలోటి చేతే గీయించి 1962లో వదిలిన ఓపెన్ టాప్ బండి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ముందు భాగం మొత్తం లేచి ఇంజను నలువైపులా కనిపిస్తుంది కనుక పనిచేసేవాడికి సుఖం. మొదటి తరం బళ్లలో ఒక జబ్బుంది, మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటరు వదిలితే వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుంది. స్టాండర్డ్ కంపెనీ 1988 నాటికే మూతపడింది కాబట్టి హెరాల్డ్ తెలిసిన మేస్త్రీ కోసం హైదరాబాదు కంటే చెన్నైలో వెతకడం మేలు. ఎంజీ మొదటి సంబంధమైతే స్పిట్‌ఫైర్ రెండోది. ప్రీమియర్ పద్మినికి దగ్గరి బంధువులైన ఫియట్ 1100 ఓపెన్ టాప్ రకాలు కూడా ఉన్నాయి గానీ అవి ఎంత అరుదంటే వాటి గురించి మాట్లాడుకోవడం కాలక్షేపమే.

ప్రపంచంలో ఎక్కడడిగినా చెప్పే సలహా ఒకటే, మాజ్దా ఎంఎక్స్-5 కొనమని. 1989లో వచ్చింది, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా అమ్ముడైనదిగా గిన్నిస్ పుస్తకానికెక్కింది, 2016లో 10 లక్షల లెక్క దాటింది. పాత ఇంగ్లీషు బళ్లకున్న ఆయిల్ కారే జబ్బు దీనికి లేదు. మంచి కారే, మనకు మాత్రం పనికిరాని సలహా. మన దేశంలో దాన్ని కంపెనీ ఎన్నడూ అమ్మలేదు. వాడిన కారు దిగుమతి చేయాలంటే అది మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. అమెరికాలో మోజుపడి కొన్న 1990ల ఎంఎక్స్-5ను, అంటే అక్కడి మియాటాను, ఇంటికి తెచ్చుకుందామనుకునే మన పిల్లలు ఈ రెండు షరతుల దగ్గరే ఆగిపోతారు. ఇక మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే, బీఎమ్‌డబ్ల్యూ జెడ్4 లాంటివి సెకండ్ హ్యాండులో ఊరించే ధరకు కనిపిస్తాయి. అవి పాతబడ్డాయి గానీ క్లాసిక్కులు కాలేదు. మీట నొక్కితే మడతపడే ఆ టాప్ వెనక హైడ్రాలిక్ పంపులు, సెన్సర్లు, మోటార్లు ఉంటాయి, ఏదో ఒకటి మొండికేస్తే కారు సగం తెరిచిన నోటితో షెడ్డులో పడి ఉంటుంది. చేత్తో మడిచే గుడ్డ టాప్ చిరిగితే కుట్టించుకోవచ్చు.

దేశవాళీ ప్రయత్నాలూ లేకపోలేదు. 1990ల చివర్లో శాన్ మోటార్స్ తెచ్చిన శాన్ స్టార్మ్ ఫైబర్ బాడీతో, చిన్న రెనో ఇంజనుతో తయారైన రెండు సీట్ల ఓపెన్ టాప్. వేగం గొప్పగా ఉండదు, కానీ ఫైబర్‌కు తుప్పు లేదు, రిజిస్ట్రేషన్‌కు పేచీ లేదు. దీన్ని చూసి నవ్వేవాళ్లుంటారు, నేనైతే నవ్వను. అలీబాగ్ దగ్గర చింకారా కంపెనీ లోటస్ సెవెన్ తరహాలో చేసిన రోడ్‌స్టర్ అంతకంటే అరుదు. గాలి తగలడమే కావాలంటే మారుతి జిప్సీ సాఫ్ట్ టాప్ చాలు. అది స్పోర్ట్స్ కారు కాదు, సస్పెన్షన్ నడుముకు పరీక్ష పెడుతుంది, కానీ సామాన్లు దొరుకుతాయి.

జాగ్రత్త పడాల్సింది కోసిన కార్ల దగ్గర. సెడాన్ పైకప్పు కోసేసి, అంచులకు పైపు వెల్డింగు చేసి, 'కన్వర్టబుల్' అని అమ్మడం పెళ్లి బరాత్‌ల పుణ్యమా అని సాగే వ్యాపారం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ విషయం తేటతెల్లం చేసింది. చట్టం సరే, ప్రాణం మాటేమిటి? ఛాసిస్ విడిగా లేని కారులో పైకప్పు కూడా బరువు మోసే భాగమే. అది తీసేస్తే బండి నడుము విరిగినట్టే.

నిజమైన ఓపెన్ టాప్ కార్లలోనూ మొదట చూడాల్సింది ఆ నడుమే. 'ఇంజన్‌ది ఏముంది సార్, బోరు కొట్టిస్తే అయిపోతది, బాడీ చూస్కోండి' అని మెకానిక్ అంటే విసుక్కోకండి, ఆ ఒక్క మాటకే అతనికి డబ్బివ్వచ్చు. ఎంజీబీకి ఛాసిస్ లేదు. తలుపుల కింద నిలువునా పోయే సిల్స్ అనే పెట్టెలాంటి రేకులే బండిని నిలబెడతాయి. పైన మెరిసే పెయింటు వేసి లోపల ఆ రేకులు తుప్పుతో పొడి అయిపోయిన బళ్లు బోలెడు. తలుపు తెరిచి ఉంచి, ముందు చక్రం వైపు జాకీ ఎత్తించండి. ఎత్తాక తలుపు మూసుకోకపోయినా, సందు ఇరుకైనా బేరం ఆపేయాలి. తర్వాత చిన్న అయస్కాంతం తీసి రేకుల మీద జరపండి. అంటుకోని చోట ఉన్నది పుట్టీ. కార్పెట్టు ఎత్తి చూడనివ్వని అమ్మకందారు ఉంటే, చూసినట్టే లెక్క.

ఛాసిస్ ఉన్న బళ్లకు వేరే గండం ఉంది. ఎంజీ టీసీ, టీడీ, టీఎఫ్‌ల రేకు బాడీ లోపల కర్ర చట్రం ఉంటుంది, ఎంజీఏకి అడుగున ప్లైవుడ్ పలకలు ఉంటాయి. ఇంగ్లండులో రాసిన పుస్తకాలు తేమకు కర్ర కుళ్లడం గురించి చెబుతాయి. మన దగ్గర చెదలు. ఏళ్ల తరబడి మట్టినేల షెడ్డులో నిలబడ్డ బండి తలుపు స్తంభాన్ని వేలితో తట్టండి, డొల్ల చప్పుడు వస్తే లోపల ఏం మిగిలిందో ఊహించుకోవచ్చు. కర్రపని చేసే వడ్రంగులు మనకు ఉన్నారు, రేకు వంచే డెంటింగు మేస్త్రీలు ఉన్నారు. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో చెప్పు ఆకారంలో, క్రికెట్ బంతి ఆకారంలో కార్లు నడిచేలా చేసిన ఊరు ఇది. చేతిపనికి లోటు లేదు, కానీ కొలతలు తెలియకుండా చేస్తే తలుపు తలుపులా మూసుకోదు.

పొడి నేల మీద ఉన్న హైదరాబాదు బండికీ, విశాఖలోనో బందరులోనో ఉప్పుగాలి తిన్న బండికీ ధరలో తేడా ఉండి తీరాలి. పొడి ఊళ్లో రేకు నిలుస్తుంది, రబ్బరూ గుడ్డా ఎండకు పగిలిపోతాయి. రబ్బరు మార్చడం చిల్లర పని, రేకు మార్చడం జన్మెత్తు పని. అందుకే ఇంగ్లండులో ఉన్న తెలుగు డాక్టర్లు అక్కడి నుంచి తెస్తామన్నప్పుడు కూడా ముందు రేకు సంగతే అడగాలి. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది అడుగు రేకుల్ని తినేస్తుంది. 40 ఏళ్లు దాటిన కార్లకు అక్కడ ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ నుంచి 2018లో మినహాయింపు ఇచ్చారు కాబట్టి, 'కాగితాలన్నీ సక్రమం' అన్న మాటకు అడుగున రంధ్రాలు లేవని అర్థం కాదు. అయితే అక్కడ ఒక సౌకర్యం ఉంది. ఎంజీబీ బాడీని కొత్తగా, పాత అచ్చులతోనే 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు అచ్చు వేస్తున్నారు. చుట్టాలంటే అలా ఉండాలి.

దిగుమతి నిబంధన ఈ మధ్యే సడలింది. అంతకుముందు 1950కి ముందు తయారైన కార్లకే వింటేజ్ దారి ఉండేది, 2025లో దాన్ని 50 ఏళ్లు నిండిన బళ్లకు తెరిచారు. 1970ల తొలి నాళ్ల ఎంజీబీ కాగితం మీద ఇప్పుడు అర్హురాలే. కస్టమ్స్ సుంకం కారు ధరను మించిపోతుంది గనక ఇది లెక్కలు రానివాళ్ల ఆట. పైగా అలా తెచ్చినదాన్ని ఏ రిజిస్ట్రేషన్ కింద నడుపుతారన్నది మరో మెలిక.

ఆ మెలిక గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి 20,000 రూపాయల ఫీజుతో పదేళ్ల రిజిస్ట్రేషన్, ఆపైన ఐదేళ్లకోసారి 5,000. కొత్తగా చేయించేవాటికి నంబరులో 'వీఏ' అక్షరాలు, ముందే నంబరు ఉన్నవాటికి పాతదే ఉంచుతారు. వినడానికి గౌరవంగా ఉంది. కానీ ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలుకో, మరమ్మతుకో అయితేనే బయటికి తీయాలి. అంటే ఆదివారం పొద్దున తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా ఊరికే ఓ చుట్టు కొట్టిరావడం నియమానికి విరుద్ధం! నడుపుకోవాలనుకునేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్ బతికి ఉన్న కారే వెతుక్కోవాలి, దాన్నే బతికించుకోవాలి.

మామూలు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి పాత కారుకు ఈ పొడిగింపు ఫీజు 600 నుంచి 5,000 అయింది, దిగుమతి కారుకు 40,000. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి అవి 10,000, 80,000 అయ్యాయి. విదేశీ ఎంజీకీ, దేశవాళీ హెరాల్డ్‌కూ ఐదేళ్లకోసారి ఇంత తేడా. బేరంలో ఈ అంకె ఎవరూ ఎత్తరు, మీరే ఎత్తాలి.

పాత పుస్తకం ఆర్సీ, మూడక్షరాల నంబరు చూడముచ్చటగా ఉంటాయి. అందులో ఉన్న పేరు బతికున్న మనిషిదా, ఆయన వారసులు సంతకం పెడతారా అన్నది అసలు సంగతి. నాలుగు చేతులు మారి, నాలుగోవాడి దగ్గర పేరు మార్పిడికి వాడే ఖాళీ ఫారం 29, 30 మీద మొదటివాడి సంతకాలు ఉన్న బళ్లు మార్కెట్లో తరచుగా తగులుతాయి. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్ల పెట్రోలు కార్లపై ఆంక్షలు వచ్చాక అక్కడి నుంచి చౌకగా దిగే బళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇక్కడి లైఫ్ ట్యాక్సు వేరే. అమ్మేవాళ్లకు కూడా ఒక మాట. పేరు మారకుండా బండి అప్పగిస్తే ప్రమాదంలో నష్టపరిహారం రిజిస్టరులో ఉన్న పేరు మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు మీరే తీసుకోండి, ఏజెంటు తెచ్చింది కాదు.

వింటేజ్ అనే మాటకు ఒక్కో ఆఫీసులో ఒక్కో వయసు. రవాణా శాఖకు 50 ఏళ్లు. పాత మోటారు ఇన్సూరెన్సు టారిఫ్‌లో 1940 చివరికి ముందు తయారైనవే. దాంతో మీ 1965 కారు రవాణా శాఖకు ముత్తాత, బీమా కంపెనీకి మామూలు పాత బండి. ఐదేళ్లు దాటిన కారు బీమా విలువ ఇద్దరూ ఒప్పుకున్నంత, కాబట్టి ఫోటోలు, బిల్లులు పెట్టి ముందే రాయించుకోవాలి.

పెట్రోలు కూడా మారిపోయింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. సీసాన్ని నమ్ముకున్న పాత హెడ్లలో వాల్వు సీట్లు అరిగిపోతాయి, గట్టి సీట్లు వేయించారా అని అడగండి. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ వంతు. అది పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలో తేమను లాగుతుంది, నెలల తరబడి కదలని కారు ట్యాంకులో తుప్పు పెంచుతుంది. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేయించడం చిన్న ఖర్చే. వేయించకపోతే వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంది, ఆ తర్వాత జరిగేది వేరే చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, 1967కి ముందటి ఎంజీబీలకు బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది. తెలియని ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ తిప్పి బిగిస్తే డైనమోకు ముప్పు.

నడిపి చూడటానికి ఉస్మానియా క్యాంపస్‌ను మించిన చోటు లేదు, వాకింగు వాళ్లు ఇళ్లకు వెళ్లాక, నెమ్మదిగా. రాత్రంతా చల్లారిన ఇంజనునే స్టార్టు చేయించండి. వేడిగా ఉంచి పిలిచారంటే ఏదో దాస్తున్నారు. పల్లంలో యాక్సిలరేటరు వదిలి మళ్లీ తొక్కినప్పుడు వెనక నీలి పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. స్పీడ్ బ్రేకరు మీద ఒక చక్రం ముందు ఎక్కేలా పోనివ్వండి. అద్దం ఫ్రేము కాస్త వణకడం ఈ జాతి లక్షణమే, తలుపులు కిర్రుమంటే మాత్రం సిల్స్ మళ్లీ చూడాలి. తొలినాటి బళ్లలో మొదటి గేరుకు సింక్రో ఉండదు, ఆగాకే వేయాలి. ఎంజీఏ 1500కి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, ముందు బస్సు ఆగినప్పుడు మీరూ ఆగగలరో లేదో క్యాంపస్ ఖాళీ రోడ్డు మీదే తేల్చుకోండి. తిరుగు ప్రయాణంలో తార్నాక సిగ్నల్ దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టి టెంపరేచరు ముల్లును చూడండి. చలిదేశం రేడియేటరుకు అదే ప్రవేశపరీక్ష.

ఎప్పుడు కొనాలంటే, డిసెంబరులో కాదు. అప్పుడు వాతావరణం అమ్మేవాడి పక్షాన ఉంటుంది, టాప్ దించి ఓ చుట్టు తిప్పితే ఎవరైనా అడ్వాన్సు ఇచ్చేస్తారు. జూలైలో వెళ్లండి. టాప్ వేయించి, బండిని ఓ గంట వానలో నిలబెట్టించి, తర్వాత డ్రైవరు సీటు కింద కార్పెట్టు ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. తడి ఎక్కడ నుంచి వచ్చిందో కనిపెట్టగలిగితే ధర తగ్గించమని అడగండి, కనిపెట్టలేకపోతే వచ్చేయండి.